హౌస్‌ఫుల్ ప్రకటనల వెనక ఖాళీ సీట్లు: హైదరాబాద్ క్రికెట్ సంఘానికి బహిరంగ లేఖ

హైదరాబాద్ క్రికెట్ సంఘం పాలకవర్గానికి, తెలంగాణ ప్రభుత్వ క్రీడా శాఖ, పోలీసు శాఖ పెద్దలకు,

నమస్కారం.

ఉప్పల్‌లో పెద్ద మ్యాచ్ ఉందంటే టికెట్లు ఆన్‌లైన్‌లో పెట్టిన కాసేపటికే అయిపోతాయి. తీరా మ్యాచ్ రోజు లోపలికెళ్లి చూస్తే కొన్ని స్టాండ్లలో వరసలకు వరసలు ఖాళీగా కనిపిస్తాయి. బయట స్టేడియం మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర మాత్రం ‘టికెట్ కావాలా అన్నా’ అని గొంతు తగ్గించి అడిగేవాళ్లకు కొదవ ఉండదు. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉంది. బ్లాకు టికెట్ అంటే అభిమాని జేబుకు పడే చిల్లు అని ఇన్నాళ్లూ అందరం మాట్లాడుకున్నాం. అది నిజమే. కానీ అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మన ఊళ్లో మైదానానికి వెళ్లి ఆట చూడాలనే కోరికనే బ్లాకు మార్కెట్ కొంచెం కొంచెంగా చంపేస్తోంది. అది మీకు తగిలే దెబ్బ. అందుకే ఈ లేఖ మీకే రాస్తున్నాను.

నేను హబ్సిగూడలో ఉంటాను. లాల్ బహదూర్ స్టేడియంలో మ్యాచ్‌లు జరిగే రోజుల నుంచీ ఈ ఊరి క్రికెట్‌ని చూస్తున్నవాణ్ణి. 1999 నవంబరు 8న న్యూజిలాండ్ మీద సచిన్ 186, ద్రావిడ్ 153 కొట్టి 331 పరుగులు జోడించినప్పుడు ఫతే మైదాన్‌లో, అంటే ఆ స్టేడియంలోనే, ఉన్నవాళ్లు ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. 2009 నవంబరు 5న ఉప్పల్‌లో ఆస్ట్రేలియా మీద సచిన్ 175 కొట్టినా మూడు పరుగుల తేడాతో ఓడిపోయిన రాత్రిని తలుచుకుని నొచ్చుకునేవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు. టీవీలో చూసినవాళ్లకి అది ఒక స్కోరు. అక్కడ కూర్చున్నవాళ్లకి జీవితంలో ఒక రోజు.

ఆ రోజు మళ్లీ రాదు. బ్లాకు బతికేదే దీనివల్ల. ఒకప్పుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కొత్త సినిమా వస్తే బ్లాకులో టికెట్లు అమ్మేవాళ్ల హవా ఎలా ఉండేదో మన తరానికి తెలుసు. అది చాలావరకు తగ్గడానికి కారణం ఒక్క పోలీసులే కాదు. ఒకే రోజు వందల తెరల మీద సినిమా వేస్తున్నారు, చాలకపోతే షోలు పెంచుతున్నారు, ఏ సీటు ఖాళీగా ఉందో ఫోన్‌లో కనిపిస్తోంది. ఇవాళ దొరక్కపోతే రేపు చూస్తాం అనుకున్నవాడి ముందు బ్లాకువాడి ఆట సాగదు. మ్యాచ్‌కి, సంగీత కచేరీకి ఆ రేపు లేదు. సీట్లు ఎన్నో ముందే ఖాయం, ఆట ఒక్కసారే. కాబట్టి ఆ సీట్లు ఎలా పంచుతున్నారన్నదే అన్నిటికన్నా ముఖ్యం.

బ్లాకులో అమ్మేవాడి లెక్క ఒకసారి చూడండి. రూ.1,500 టికెట్లు పది కొన్నాడనుకుందాం. పెట్టుబడి రూ.15,000. అందులో నాలుగింటిని రూ.4,000 చొప్పున అమ్మితే రూ.16,000 వచ్చేస్తాయి. అసలు చేతికొచ్చింది, పైన వెయ్యి మిగిలింది. మిగతా ఆరు టికెట్లు అమ్ముడుపోకపోయినా వాడికి పైసా నష్టం లేదు. మధ్యాహ్నమే రేటు దించితే నాలుగు వేలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నవాడు కూడా ఇంకా తగ్గుతుందేమోనని ఆగుతాడు. అందుకని టాస్ దాకా వాడు దిగడు. టాస్ పడ్డాక దించినా, అప్పటికి కొనాలనుకున్నవాళ్లు ఇళ్లలో టీవీ ముందు కూర్చుని ఉంటారు. ఆ ఆరు సీట్లు ఖాళీగానే మిగులుతాయి. మీ పుస్తకాల్లో మాత్రం పదికి పదీ అమ్ముడైనట్టే. పదిహేను వందలిచ్చి ఆ సీట్లలో కూర్చోడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఆ సాయంత్రం ఇదే ఊళ్లో, తార్నాకలోనో మల్కాజిగిరిలోనో ఉన్నారు. వాళ్లు మీకు ఏ లెక్కలోనూ కనపడరు.

గిరాకీ ఎంతుందో తెలియాలంటే అమ్ముడైన టికెట్లు కాదు, గేటు దగ్గర స్కాన్ అయిన టికెట్లు చూడాలి. ఆ లెక్క మీ దగ్గర ఉండే ఉంటుంది. ఒక్క మ్యాచ్‌కైనా దాన్ని జనం ముందు పెట్టారా?

ఇది మన ఊరికే పరిమితమైన జబ్బు కాదని నాకు తెలుసు. 2023 ప్రపంచకప్ మొదటి మ్యాచ్ అక్టోబరు 5న అహ్మదాబాద్‌లో జరిగితే లక్షా ముప్పై వేలు పట్టే స్టేడియం చాలా భాగం ఖాళీగా టీవీలో కనిపించింది. దానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఆ రోజు గురువారం, ఆడింది మన జట్టు కాదు, షెడ్యూలు టోర్నీకి సరిగ్గా వంద రోజుల ముందు గానీ బయటికి రాలేదు. కానీ టికెట్లు దొరకడం లేదని వారాల తరబడి విన్న జనానికి ఆ ఖాళీ కుర్చీలు చూసి కడుపు మండింది. అదే టోర్నీలో నవంబరు 5న ఈడెన్ గార్డెన్స్‌లో భారత్, దక్షిణాఫ్రికా మ్యాచ్‌కి ముందు బ్లాకు టికెట్ల ఫిర్యాదులు వెల్లువెత్తాయి. కోల్‌కతా పోలీసులు బెంగాల్ క్రికెట్ సంఘానికి, టికెట్లు అమ్మిన సంస్థకు, చివరికి బీసీసీఐ అధ్యక్షుడికి కూడా నోటీసులిచ్చారు. గల్లీలో నిలబడ్డవాణ్ణి పట్టుకోవడంతో ఆగకుండా టికెట్లు ఎక్కడి నుంచి వచ్చాయని పైవాళ్లను అడిగిన పద్ధతి నాకు నచ్చింది. మన పోలీసు అధికారులు కూడా ఆ దారి పట్టాలి.

ఇప్పుడు అభిమాని ఇంటి లెక్క. నలుగురున్న కుటుంబం బ్లాకులో కొంటే పైన ఒక్కో టికెట్‌కి రూ.2,500 చొప్పున పదివేలు ఎక్కువ పెడుతుంది. ఆ పదివేలతో వాళ్లు అసలు ధరకి ఇంకో మ్యాచ్‌కి రావచ్చు, పిల్లలకి జెర్సీలు కొనొచ్చు, లోపల ఏదన్నా తినొచ్చు. ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా ఆటగాడికి గానీ, మైదానం చూసుకునే సిబ్బందికి గానీ, మీ జిల్లా లీగులకు గానీ చేరదు. ప్రభుత్వానికీ చేరదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐపీఎల్ టికెట్ మీద జీఎస్టీ 40 శాతం అయింది. వెయ్యి రూపాయల టికెట్‌కి నిజాయితీగా కొన్నవాడు రూ.1,400 కడుతున్నాడు. బ్లాకులో అదనంగా గుంజిన రెండు వేల ఐదు వందల మీద పైసా పన్ను లేదు.

గత సీజన్‌లో ఒక రాత్రి గేటు దగ్గర చూసిన సంగతి చెప్పాలి. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి, ఇద్దరు ఆడపిల్లలు. పిల్లలు నారింజ రంగు జెర్సీలు వేసుకున్నారు, చిన్నదాని బుగ్గ మీద రంగు పూశారు. ఆయన ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చూపిస్తే స్కానర్ ఎర్రగా వెలిగింది. ‘ఈ మూడూ ఇందాకే లోపలికి పోయినయి సార్’ అన్నాడు గేటు కుర్రాడు. ఆయన దగ్గరున్నది స్క్రీన్‌షాట్. సోషల్ మీడియా గ్రూపులో ఎవడో అమ్మాడు, ఈయన ఫోన్‌పేలో డబ్బు కొట్టాడు. అదే కోడ్‌ని ఎందరికి అమ్మాడో తెలియదు, ముందొచ్చినవాడు లోపలికి పోయాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్. పక్కనున్న కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడాడు, సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వమన్నాడు. లోపల మొదటి ఓవర్ మొదలైనట్టుంది, ఒక్కసారిగా కేక వినిపించింది. పెద్దపిల్ల గేటు వైపు చూడడం మానేసి తండ్రి చెయ్యి పట్టుకుంది.

ఆయన మళ్లీ ఉప్పల్ వస్తాడని నేననుకోను. ఆ పిల్లలు పెద్దయ్యాక వస్తారో రారో కూడా చెప్పలేను. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని మైదానానికి వెళ్లినవాళ్లే పెద్దయ్యాక తమ పిల్లల్ని తీసుకెళ్తారు. ఆ అలవాటు ఒక తరంలో తెగిపోతే మళ్లీ అతకడం ఎంత ప్రకటనల ఖర్చుకూ సాధ్యం కాదు.

తెగడం ఇప్పటికే మొదలైంది. నా చుట్టూ మూడు రకాల మనుషుల్ని చూస్తున్నాను. టికెట్ దొరకదు, ఎందుకు ప్రయత్నించడం అని అసలు యాప్ తెరవడమే మానేసినవాళ్లు ఒకరు. టాస్ అయ్యాక బయట తక్కువకి దొరుకుతుందిలే అని ఆగేవాళ్లు ఇంకొకరు. ఈ రెండోవాళ్ల వల్లే పెద్ద జట్టు కాని మ్యాచ్‌లకు ముందస్తు అమ్మకం నత్తనడక నడుస్తుంది. మూడోవాళ్లు ఆడవాళ్లు, పెద్దవాళ్లు. చీకటి సందులో ముక్కూమొహం తెలియనివాడితో బేరం ఆడాల్సి వస్తుందంటే వాళ్లు రారు, వాళ్లను తీసుకురావడానికి ఇంట్లోవాళ్లూ సాహసించరు. చివరికి స్టేడియంలో మిగిలేది డబ్బున్నవాళ్లూ, పలుకుబడి ఉన్నవాళ్లూ.

దీనికి కొందరు చదువుకున్నవాళ్లు చెప్పే మందు ఒకటుంది. ధర తక్కువ పెట్టారు కాబట్టే బ్లాకు పుట్టింది, మీరే ధర పెంచేయండి, బ్లాకు పోతుంది అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ బ్లాకులో నాలుగు వేలకు అమ్ముడైనవి కొన్ని వందల సీట్లు. ఆ ధరకి ఉప్పల్‌లోని 39,000 సీట్లు నిండవు. గడువు దగ్గరపడ్డ కొద్దిమంది పెట్టిన ధరను ఊరందరి ధర అనుకుంటే పై స్టాండ్లు బోసిపోతాయి. పై స్టాండ్ల అరుపు లేకపోతే కింద కార్పొరేట్ బాక్సులో కూర్చున్నవాడికి కూడా ఆ సాయంత్రం చప్పగానే ఉంటుంది. అవతలి సీట్లో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఇవతలి సీటుకి విలువ వచ్చే వ్యాపారం ఇది. 2024 అక్టోబరు 12న బంగ్లాదేశ్ మీద సంజూ శాంసన్ 47 బంతుల్లో 111 కొట్టి, జట్టు 297 చేసిన రాత్రి ఆ హోరు విన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

బ్లాకు సరుకు ఎక్కడి నుంచి వస్తోందన్నది మీకు ఇబ్బందికరమైన ప్రశ్నే. అయినా అడగక తప్పదు. ఐపీఎల్ టికెట్లు అమ్మేది ఫ్రాంచైజీ, అంతర్జాతీయ మ్యాచ్‌లవి అమ్మేది మీరు. రెండింటిలోనూ ఉచిత పాసులున్నాయి. 2025 మార్చిలో సన్‌రైజర్స్ యాజమాన్యం పాసుల కోసం తమ మీద ఒత్తిడి తెస్తున్నారని మీ సంఘం మీద బహిరంగంగా ఆరోపణ చేసింది. ఒప్పందం ప్రకారం పది శాతం, అంటే 3,900 పాసులు ఇస్తూనే ఉన్నామని మీకు రాసిన లేఖలో చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వం విజిలెన్స్ విచారణ వేసింది. జులైలో అప్పటి సంఘం అధ్యక్షుడితో పాటు మరికొందరిని సీఐడీ అరెస్టు చేసింది. తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది, నేను ఎవరినీ దోషి అనడం లేదు. నన్ను పట్టి పీడించేది ఆ 3,900 అనే అంకె. పది సీట్లలో ఒక సీటు ఎవరి చేతికి పోతోందో టికెట్ కొనే జనానికి తెలియదు. ఇందాకటి లెక్కలో బ్లాకువాడికి కనీసం పెట్టుబడి ఉంది. పాసుకి అది కూడా లేదు. ఎంతకి అమ్మినా లాభమే, అమ్మకపోతే ఖాళీ సీటే. కంచే చేను మేస్తే కాపలా ఇంకెవరు కాయాలి?

2022 సెప్టెంబరు 22న జింఖానా మైదానం దగ్గర జరిగింది మీరు మరిచిపోయి ఉండరు. దాదాపు మూడేళ్ల తర్వాత ఊరికి అంతర్జాతీయ మ్యాచ్ వచ్చింది. ఆస్ట్రేలియాతో టీ20 టికెట్ల కోసం వేలమంది తెల్లవారకముందే వచ్చి నిలబడ్డారు. తొక్కిసలాట జరిగింది, లాఠీలు లేచాయి, పలువురు గాయపడ్డారు. ఎన్ని టికెట్లు కౌంటర్లో పెడుతున్నారు, ఎన్ని ఎటు పోయాయి అన్నది ముందే తెలిసి ఉంటే జనం అలా ఎగబడేవాళ్లు కాదు. అయిపోతాయేమో, అన్నీ బ్లాకుకే పోయాయేమో అనే భయమే సగం తోపులాటకు కారణం. ఆ తర్వాత 2023 జనవరిలో శుభ్‌మన్ గిల్ 208 కొట్టిన న్యూజిలాండ్ మ్యాచ్‌కి టికెట్లన్నీ ఆన్‌లైన్‌లో పెట్టారు. తొక్కిసలాట లేదు, అందుకు మిమ్మల్ని అభినందించాల్సిందే. 2024 జనవరిలో ఇంగ్లండ్ టెస్టుకి బడిపిల్లల్ని ఉచితంగా రానిచ్చారు. అది ఇంకా మంచి పని. కానీ బ్లాకు ఆన్‌లైన్‌తో ఆగిపోలేదు. రోడ్డు మీది వరసలోంచి ఫోన్ వరసలోకి వచ్చి చేరింది.

ఆ ఫోన్ వరస ఎంత మోసపూరితమో 2024 సెప్టెంబరు 22న బ్రిటిష్ సంగీత బృందం కోల్డ్‌ప్లే టికెట్లప్పుడు దేశమంతా చూసింది. నవీ ముంబయి కచేరీల కోసం కోటీ ముప్పై లక్షల మందికి పైగా లాగిన్ అయ్యారని టికెట్ల సంస్థే చెప్పింది. మన గచ్చిబౌలి, మాదాపూర్ పిల్లలు కూడా ఆదివారం పొద్దున్నే ఇంట్లో ఉన్న ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అన్నీ తెరుచుకుని కూర్చున్నారు. కొద్ది గంటల్లోనే అవే టికెట్లు వేరే సైట్లలో లక్షల్లో పలికాయి. ఆ కోటీ ముప్పై లక్షల్లో పాట వినాలనుకున్నవాళ్లెందరు, తిరిగి అమ్మాలనుకున్నవాళ్లెందరు? ఎవరూ చెప్పలేరు. ఇలాంటి అంకె చూసి నిర్వాహకులు తర్వాతిసారి ధరలు నిర్ణయిస్తే, అసలు లేని పోటీకి కూడా అభిమాని డబ్బు కట్టినట్టవుతుంది.

ప్రభుత్వ పెద్దలకు ఒక మాట. కోల్డ్‌ప్లే గొడవ మీద వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని బాంబే హైకోర్టు 2025 జనవరి 10న కొట్టేసింది. చట్టం చేయడం చట్టసభల పని అన్నది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్‌లో ‘అనధికారికంగా టికెట్లు అమ్మడం’ చిన్నస్థాయి వ్యవస్థీకృత నేరాల్లో ఉంది. ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. అయితే అది ముఠాగా చేసినప్పుడే వర్తిస్తుంది. అసలు ధర మీద ఎంత వరకు తిరిగి అమ్మొచ్చు, అలాంటి అమ్మకాలు పెట్టే సైట్ల బాధ్యత ఏమిటి అన్నది అందులో లేదు. ఐర్లండ్ 2021లో వెయ్యిమంది, అంతకన్నా ఎక్కువ పట్టే వేదికలకు అసలు ధర మించి తిరిగి అమ్మడాన్ని చట్టంతో నిషేధించింది. అనుమతి లేకుండా రైలు టికెట్ల వ్యాపారం చేయడం నేరమని చెప్పే 143వ సెక్షన్ మన రైల్వే చట్టంలో ఎప్పటినుంచో ఉంది, దొంగ ఐడీలతో ఈ-టికెట్లు లాగి అమ్మడానికి కూడా అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. రైలు టికెట్‌కి ఉన్న రక్షణ మ్యాచ్ టికెట్‌కి, కచేరీ టికెట్‌కి తెలంగాణ శాసనసభ ఇవ్వగలదు.

చట్టం వచ్చేలోపు మీ చేతిలో ఉన్నవి కొన్ని చెప్తాను. పని పడి రాలేనివాడు టికెట్‌ని అదే యాప్‌లో అదే ధరకి వెనక్కిచ్చే వీలు పెట్టండి, అది వెయిటింగ్‌లో ఉన్నవాడికి టాస్ దాకా వెళ్లేలా చూడండి. తిరిగి అమ్ముకునేవాళ్లందరూ దొంగలు కారు, వాళ్లకి ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చి ఉంటుంది. దారి లేకే బ్లాకువాడికి ఇస్తున్నారు. కొన్ని సీట్లు పక్కన ఉంచి మ్యాచ్‌కి రెండు రోజుల ముందు అసలు ధరకే విడుదల చేస్తామని ముందుగానే ప్రకటిస్తే బ్లాకు రేటు ఆ ప్రకటనతోనే సగం పడిపోతుంది. క్యూఆర్ కోడ్‌ని స్క్రీన్‌షాట్ తీసినా పనిచేయకుండా ఎప్పటికప్పుడు మారేలా పెట్టమని టికెట్ల సంస్థని అడగండి. పాసుల్ని పేరుతో, ఫోన్ నంబరుతో ఇవ్వండి. వరసగా రెండు మ్యాచ్‌లకి స్కాన్ కాని పాసుని రద్దు చేసి ఆ సీటుని బడిపిల్లలకివ్వండి.

అన్నిటికన్నా ముందు చేయగలిగింది, పైసా ఖర్చులేనిది ఒకటుంది. ఉప్పల్‌లో వచ్చే మ్యాచ్‌కి టికెట్లు పెట్టే ముందు ఒక్క పేజీ విడుదల చేయండి. స్టేడియంలో మొత్తం సీట్లెన్ని, జనానికి అమ్మకానికి పెట్టినవెన్ని, పాసులు ఏ శాఖకి, ఏ క్లబ్బుకి, ఏ స్పాన్సరుకి ఎన్ని అన్నవి అందులో ఉండాలి. మ్యాచ్ అయిన మర్నాడు గేట్లలో స్కాన్ అయినవి ఎన్నో దాని కిందే చేర్చండి. ఆ పేజీని మీ వెబ్‌సైట్‌లో, తెలుగులో కూడా పెట్టాలని కోరుతున్నాను. వచ్చే మ్యాచ్ తేదీ ప్రకటించేలోపు మీ జవాబు వస్తుందని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
హబ్సిగూడ నుంచి ఒక క్రికెట్ అభిమాని